నిలువునా గుచ్చిన పార

నేను ఒక పారను. పిండిమర కొట్టుకుపోయిన వరదకు మూడేళ్ల ముందు పుట్టాను. పామీరు కొండల్లోని మా నవ్‌దరాలో అందరి వయసులూ ఆ వరద నుంచే లెక్క. విరిగిన లారీ కమాను పట్టీని కాల్చి కమ్మరి నన్ను సాగగొట్టాడు. పిడి ఆప్రికాట్ కర్ర.

మా ఊరికి వాన మీద ఆశ లేదు. ఏడాదంతా కురిసినా జానెడు తడి. ఆరు నెలలు మంచు, ఆపైన రాళ్లు పగిలే ఎండ. పొలాలంటే కొండవాలున ఆరేసిన తుండుగుడ్డలు. పైన మంచుగడ్డ కరిగితేనే నీళ్లు. మధ్యాహ్నం కరిగింది పొద్దువాలితే గాని కాలువలోకి దిగదు. అందుకే వంతులన్నీ సందెవేళవే.

నన్ను చేయించుకున్నవాడు నజర్‌షో, ఊరి మీరాబు. మీ వైపు నీరుగంటి లాంటివాడు. ఎవరి తోటకు ఎంతసేపు నీళ్లో అతనే చెప్పాలి. కాలువ నీళ్లు తోటకు మళ్లే మడవ దగ్గర నన్ను నిలువునా గుచ్చాడంటే, తిరిగి పీకేదాకా ఎవరూ నీళ్లు ముట్టరాదు. వంతుగలవాళ్లు పక్కనే కాచుకోవాలి. కదిలితే వంతు పోయినట్టే. దేవుడి మీద ఒట్టేసి అబద్ధమాడే మనుషులు, గుచ్చిన పారకు మాత్రం భయపడేవాళ్లు. నాకు కాస్త గర్వంగానే ఉండేది.

వరదనాడు వంతు సావ్రీది. మొగుడు పోయిన మనిషి. ఎనిమిది ఆప్రికాట్ చెట్లు, ఐదేళ్ల కూతురు. నజర్‌షో నన్ను గుచ్చి, "ఉండు చెల్లీ, నేనొచ్చేదాకా కదలమాక. ఒక్క గిన్నె టీ తాగొస్తా" అన్నాడు.

"నీ గిన్నెకి అడుగుండదుగా అన్నా!" అని నవ్విందామె. "సర్లే, నీ పారకి కాళ్లొస్తే అప్పుడు కదుల్తా."

కాసేపటికి పక్కనున్న ఏటి లోపల రాళ్లు పళ్లు కొరికినట్టు చప్పుడు. ఊరంతా ఆకాశం చూసింది. మబ్బు లేదు. మబ్బు లేకుండా వరదెక్కడిదని మళ్లీ పనుల్లో పడ్డారు. నలభై రోజుల ఎండకు పైన మంచుచెరువు తెగిందని ఒక్కరికీ తట్టలేదు. సావ్రీ నావంక చూసింది. దారివంక చూసింది. "అన్నా, వచ్చావా?" అని రెండుసార్లు కేకేసింది. తర్వాత నా పిడి పట్టుకుంది.

బురద వెళ్లిపోయాక రెండు బండల మధ్య ఇరుక్కుని నేనున్నాను. మర లేదు. వంతెన లేదు. ఆమె లేదు.

"పొమ్మన్నాను, వినలేదు" అన్నాడు నజర్‌షో. అంతే. మనుషులకు చిన్న మాట చాలు, మిగతాది వాళ్లే కట్టుకుంటారు. సావ్రీ నీళ్లాశకు పోయిందన్నారు. ఆమె వంతు పొరుగుతోట రజబ్‌కు ఇచ్చారు. కూతురు మెహ్రీ ఆ మాటే వింటూ పెరిగింది.

ఇరవై ఏళ్లు. రోజూ సందెవేళ, కరిగిన నీరు నా అంచుకు తగలగానే అదే కేక. "అన్నా, వచ్చావా?" అది పిడిలోంచి నజర్‌షో చేతిలోకి పాకేది. అతనికి వినబడేదని నాకు తెలుసు. వేళ్లు బిగుసుకునేవి. నోరు మాత్రం పెగిలేది కాదు.

ఈ వసంతంలో, ఊరంతా కాలువ పూడిక తీసేరోజున, మెహ్రీ తల్లి వంతు అడిగింది. బిందెలతో మోసి పోసినా మూడు చెట్లే మిగిలాయంది.

రజబ్ నవ్వాడు. "మీ అమ్మకి ఆనాడు తాగిన నీళ్లు చాల్లేదా ఏంటమ్మాయ్?"

నలుగురూ నవ్వారు. నజర్‌షో తల వంచుకుని నాతో బురద గీకుతూనే ఉన్నాడు.

ఆ సాయంత్రం కొత్తనీళ్లు వదిలారు. నా అంచును తడిపి వెళ్లిపోయాయి. కేక రాలేదు. అతను నన్ను నీళ్లలో అలాగే ఆనించి చాలాసేపు నిలబడ్డాడు. రాలేదు.

మర్నాడు పొద్దున వంతులు పంచడానికి ఊరు కూడింది. నజర్‌షో నన్ను తెచ్చి మెహ్రీ కాళ్ల దగ్గర పెట్టాడు.

"మీ అమ్మని నేను పొమ్మనలేదు బిడ్డా. ఉండమన్నాను."

మెహ్రీ వంగి నన్ను తీసుకుంది. తల్లి నిలబడ్డ మడవ దగ్గరికి నడిచి, నిలువునా గుచ్చింది.

"నేనొచ్చేదాకా కదలమాక" అంది అతనితో. వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

నజర్‌షో వచ్చి నా పిడి పట్టుకున్నాడు. మబ్బు లేదు. పైన మంచు మీద ఎండ పడింది.