మునివెంకటమ్మ కొన్న ఫోను

అనిత బొమ్మనహళ్ళిలోని ఒక గార్మెంట్స్ ఫ్యాక్టరీలో కుట్టుపని చేస్తుంది. కొత్త ఫోను తీసుకున్నప్పుడు పాతది లాక్ తీసి దుకాణంలోనే ఇచ్చేసింది. లోపల ఉన్నవన్నీ తామే తీసేస్తామని దుకాణం అతను అంటే నమ్మింది.

కొన్నాళ్ళకు కదిరి నుంచి తల్లి ఆదెమ్మ ఫోన్ చేసింది. నగరానికి ఇంకో చివరనున్న కాడుగోడిలో ఆకుకూరలు అమ్మే మునివెంకటమ్మ అనే ఆవిడ సెకండ్‌హ్యాండ్‌లో ఒక ఫోను కొన్నదట. అందులో అనిత ఫోటోలు, మెసేజీలు అన్నీ అలాగే ఉన్నాయట. ‘అమ్మ’ అని కనబడిన నంబరుకు చేసి చెప్పిందట.

ఆధార్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్కు ఫోటోలు సరే, బిడ్డ పుట్టిన కొత్తలో చనుబాలు పట్టడం రాక, సరిగా పట్టుకున్నానా అని అనిత తల్లికి పంపిన ఫోటోలు కూడా అందులో ఉన్నాయి. అవి ఎవరెవరి కంట పడ్డాయో అన్న ఆలోచనతో అన్నం సహించలేదు.

పక్క మిషన్ మీద పనిచేసే అంబికకు చెప్పుకుంది. అంబిక వెంటనే ఫోను అకౌంటు పాస్‌వర్డు మార్పించింది. పాత ఫోను చేతికి రాగానే ముందు అందులోంచి ఆ అకౌంటు తీసేసి, తర్వాత మొత్తం రీసెట్ చేయమని, ఎక్కడ నొక్కాలో తన ఫోనులో చూపించింది.

ఆదివారం అనిత కాడుగోడి వెళ్ళింది. మార్కెట్ వెనక సందులో ఇల్లు. మునివెంకటమ్మ ఆమెను లోపల కూర్చోబెట్టి, బియ్యం డబ్బాలోంచి ఫోను తీసి ఇచ్చింది.

“ఎవురెవురు చూసినారు పెద్దమ్మా?” అని అనిత తల వంచుకునే అడిగింది.

“ఎవురూ చూల్లేదు పాపా. నా కండ్లకే ఒగటి కనబడె. మీ అమ్మకు చెప్పి, వెంటనే ఆఫ్ చేసి దాచిపెట్టినా. మా ఇంట్లోవాళ్ళు అడిగినా ఈలేదు.”

చింతామణిలో కాన్పయిన కూతురిని, మనవరాలిని వీడియోలో చూసుకోవాలని ఆమె ఆ ఫోను కొన్నది. అనిత వచ్చేదాకా దాన్ని ముట్టుకోకుండా, పక్కింటివాళ్ళ ఫోను అడిగి కూతురితో మాట్లాడుతోంది. ఆ మాట విన్నాక అనిత ఏడుపు ఆపుకోలేకపోయింది.

అంబిక చెప్పినట్టే అన్నీ చెరిపేసింది. మునివెంకటమ్మ సిమ్ తానే మళ్ళీ వేసి, లాక్ ఎలా పెట్టుకోవాలో చెప్పి, ఆమె లాక్ నంబర్లు నొక్కుతుంటే తాను మొహం తిప్పుకుంది. చింతామణికి వీడియో కాల్ కలిపింది. నిద్రపోతున్న పసిపిల్లను చూసి మునివెంకటమ్మ ఫోనును మొహానికి దగ్గరగా పెట్టుకుంది.

“నీకు నేనేం చేసేది పెద్దమ్మా?” అంది అనిత.

“ఎవురెవురో ఫోన్ చేసి నంబరు చెప్పు అంటా ఉంటారు. అదేందో నాకు చెప్పిచ్చు, చాలు.”

వాళ్ళడిగే నంబరు ఓటీపీ అని, అది ఎవరికీ చెప్పకూడదని, ఆధార్ ఫోటో అడిగితే పంపొద్దని, తెలియని లింకులు నొక్కొద్దని అనిత ఓపికగా చెప్పింది. మునివెంకటమ్మ మళ్ళీ మళ్ళీ అడిగి తెలుసుకుంది.

బస్సు ఎక్కాక అనిత తల్లికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పింది. ఆదెమ్మ మునివెంకటమ్మ నంబరు అడిగి తీసుకుని, ఆమెతో తానే మాట్లాడాలని చెప్పి ఫోన్ పెట్టేసింది. అనిత మళ్ళీ చేస్తే తల్లి నంబరు బిజీ వచ్చింది. బొమ్మనహళ్ళిలో దిగేదాకా బిజీగానే ఉంది.