పోస్టులో వచ్చిన కొత్త చైను

తెనాలి ఇమామ్ సాహెబు చేతిలో పడ్డ రంపం మళ్లీ మొరాయించదని చుట్టుపక్కల పేరు. రేపల్లె నుంచీ, బాపట్ల నుంచీ వడ్రంగులు తమ రంపాలను గోనెపట్టాలో చుట్టి పార్సిలు పంపేవారు. ఆయన ఆకురాయితో పదును పెట్టి, పళ్లన్నీ ఒకే ఎత్తుకు తెచ్చి, తిరుగు టపాలో పంపేవాడు. నలభై ఏళ్లుగా అదే పని. దానికి తగ్గ గర్వం కూడా ఉండేది.

తొంభైలో వచ్చిన తుఫాను బాపట్ల వైపు సరుగుడు తోటల్ని నేలకూల్చింది. పడిన చెట్లు కోయడానికి చర్చివాళ్లు సాయంగా ఇచ్చిన మోటారు రంపం కృపారావు చేతికి వచ్చింది. దాని పళ్లు ఓ చైను మీద ఉంటాయి. ఆ చైను మొద్దుబారగానే అతను అట్టపెట్టెలో పెట్టి ఇమామ్ సాహెబుకు పంపాడు. సాహెబు పుట్టి బుద్ధెరిగి అలాంటిది చూడలేదు. కొక్కెంలాంటి ప్రతి పంటి ముందూ ఓ బుడిపె ఉంది. రంపానికి పళ్లు కాక ఇంకేముంటాయి? అవి అరిగిపోయిన పళ్లే అనుకున్నాడు. వాటినీ అరగదీసి సూదిగా చేసి పంపాడు. తెలియదని ఎవరినైనా అడిగితే ఏం పోయేది? కానీ నలభై ఏళ్ల పనివాడు ఎవరిని అడుగుతాడు!

వారం తిరక్కుండా కార్డు వచ్చింది. "బాబాయ్ గారూ, అరటిబోదె కోసినట్టు తెగుతోందండి" అని రాశాడు కృపారావు. సాహెబు మురిసిపోయాడు. ఆ తర్వాత చైను వచ్చినప్పుడల్లా బుడిపెల్ని ఇంకాస్త అరగదీశాడు.

ఆగస్టులో ఓ శనివారం పార్సిలుతోపాటు ఇన్‌లాండు లెటరు వచ్చింది. రాసింది కృపారావు భార్య రాహేలు.

"బాబాయ్ గారికి వందనాలు. రంపం ఎగిరొచ్చి మా ఆయన ఎడమ చెయ్యి కోసేసిందండి. ఆస్పత్రిలో మణికట్టు దాకా తీసేశారు. తొందరపడ్డాడని అందరూ అంటున్నారు. ఇప్పుడు ఆయనా అదే అంటున్నాడు. సోమవారం నుంచి మా తమ్ముడు అంద్రెయ కోతకు వెళ్తాడు. మీరు పదును పెట్టిన చైనే రంపానికుంది. ఇంకో కొత్త చైను పంపుతున్నాను. కొత్తదైనా ముందు మీ చేతిలో పడాలి కదండి."

కొత్త రంపాన్ని సానవాడికి చూపించకుండా చెక్క మీద పెట్టకూడదని ఆ పక్క ఆనవాయితీ. సాహెబు బరువెక్కిన గుండెతో పొట్లం విప్పాడు. ఎవరూ వాడని చైను చూడటం ఆయనకు అదే మొదలు. బుడిపెలన్నీ నున్నగా, గుండ్రంగా, పంటి కన్నా వెంట్రుకవాసి తక్కువగా ఉన్నాయి. ఒక్కటీ అరగలేదు. పన్ను కొయ్యలోకి ఎంత దిగాలో ఆపేది ఆ బుడిపే. అది లేకపోతే పన్ను లోతుకు దిగి, ఇరుక్కుని, రంపాన్ని మనిషి మీదికి విసురుతుంది. ఆ బుడిపెల్నే తను సూదిగా అరగదీసి పంపాడు.

విషయం విని భార్య హుస్సేన్ బీ కలం తెచ్చి ఆయన ముందు పెట్టింది. తర్వాత నెమ్మదిగా అంది. "పాత చైను వాడొద్దని ఓ కార్డు రాసెయ్యండి. ఎందుకని ఎవరడుగుతారు?"

"కార్డు మంగళవారం చేరుద్ది. ఆ కుర్రాడు సోమవారమే వెళ్తాడు" అన్నాడు సాహెబు. అది నిజమే. కార్డులో అయితే కారణం దాచుకోవచ్చన్నదీ నిజమే, అందుకే ఆయనకు ఆ మాట మీద కాసేపు మనసు పోయింది. సిగ్గుపడి, తెల్లారగానే చొక్కా వేసుకున్నాడు.

ఆదివారం ప్యాసింజరులో బాపట్ల చేరేసరికి పొద్దెక్కింది. వాకిట్లో అంద్రెయ రంపానికి నూనె పోస్తున్నాడు. అరుగు మీద మంచంలో కృపారావు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"ఆ రంపం కిందపెట్టు బాబూ" అన్నాడు సాహెబు. దానికున్న చైను విప్పించి, కొత్తదాని పక్కన పెట్టి, తను చేసింది చెప్పాడు. ఏదీ తగ్గించలేదు.

అంద్రెయ పిడికిలి బిగించి లేచాడు. రాహేలు తమ్ముడికి అడ్డుగా నిలబడింది, కానీ సాహెబును ఊరడించలేదు. "తెలియనప్పుడు అడగాలి కదండీ బాబాయ్ గారూ" అంది.

కృపారావు మెల్లగా లేచి వచ్చాడు. ఉన్న చేత్తో కొత్త బుడిపెల్ని తడిమాడు. తర్వాత పాతవాటిని తడిమాడు.

"అంటే, నేను తొందరపళ్లేదు." అతను భార్య వైపు తిరిగాడు. "విన్నావా రాహేలూ? కాళ్లు ఆనించే నిలబడ్డా. రెండు చేతుల్తోనే పట్టుకున్నా. నీకు చెప్పా, పాస్టరు అయ్యగారికి చెప్పా, ఒక్కళ్లూ నమ్మలా. చివరికి నేనూ నమ్మలా!" ఆస్పత్రిలో కూడా ఏడవని మనిషి వాకిట్లో కూలబడి భోరున ఏడ్చాడు.

చేసిన పాపం చెబితే పోతుందంటారు. సాహెబుది రవ్వంత కూడా పోలేదు. అయినా కృపారావు తల ఎత్తడం చూసి ఆయనకూ కళ్లు చెమర్చాయి.

"ఇంకోసారి చెప్పండి బాబాయ్ గారూ" అన్నాడు కృపారావు కళ్లు తుడుచుకుంటూ. "అయ్యగారిని పిలిపిస్తా. నాతో కోతకొచ్చేవాళ్లనీ పిలిపిస్తా. అందరి ముందూ చెప్పండి."

వాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. తెనాలి బండి టైము దాటిపోయింది. వాకిట్లోకి వచ్చిన ప్రతి మనిషికీ ఇమామ్ సాహెబు మొదటి నుంచీ చెప్పాడు.