గేట్లు వేసేయండి

యొమైరా పోలీసుల రేడియో వినడం మొదలుపెట్టింది దేశాన్ని ఉద్ధరించడానికి కాదు, బోర్ కొట్టి. సెల్‌ఫోన్లు రిపేరు చేసేవాళ్లకి చేతులే ఖాళీ ఉండవు, చెవులెప్పుడూ ఖాళీయే. రేడియో తరంగాలు పట్టే చవక డాంగిల్ ఒకటి లాప్‌టాప్‌కి గుచ్చి, విరిగిన కర్టెన్ రాడ్డుని యాంటెన్నా చేసి డాబా మీద నిలబెట్టింది. ఆ పూట నుంచి దురాన్ ఊరి పోలీసులంతా ఆమె షాపులో కాపురం పెట్టేశారు.

ఒకాయనకి ఎప్పుడూ జలుబు. ఇంకొకాయన గొంతు సవరించుకోకుండా మాట మొదలుపెట్టడు. కంట్రోల్ రూమ్‌లో ఒకావిడ ఉంటుంది. మనిషి చచ్చిపోయాడన్నా, ట్రాఫిక్ ఆగిపోయిందన్నా ఒకే స్వరం. వాళ్ల పేర్లు, ముఖాలు యొమైరాకి తెలియవు. అయినా జలుబాయన గొంతు రెండు రోజులు వినపడకపోతే అదోలా ఉండేది.

షాపున్న పదకొండో వీధికి రెండు చివరలా ఇనుప గేట్లున్నాయి. దొంగల భయానికి వీధివాళ్లే చందాలు వేసుకుని పెట్టించుకున్నవి. పగలంతా తెరిచే ఉంటాయి. ఒక గేటు దగ్గర ముసలి సెగుందో, రెండో దాని దగ్గర అతని బావమరిది కుర్చీలు వేసుకుని కునుకు తీస్తుంటారు. పక్క వీధుల్లో ఎక్కడో కాల్పులని రేడియోలో వినపడగానే యొమైరా వీధి వాట్సాప్ గ్రూపులో ఒక ముక్క పెడుతుంది. అంతే, రెండు గేట్లూ ధడాలున మూసుకుంటాయి. పిల్లల్ని జబ్బ పట్టుకుని లోపలికి లాక్కుపోతారు. ఆ తర్వాత దండాలు పెట్టే బొమ్మలు గ్రూపు నిండా కురుస్తాయి. ఆ బొమ్మలు చూసుకుని మురిసిపోవడం యొమైరాకి అలవాటైపోయింది.

మురవని మనిషి వీధిలో ఒక్కతే ఉంది. షాపుకి ఎదురుగా రొట్టెల కొట్టు నడిపే ఔరిస్తెలా.

"ఏవే రేడియో, ఇవాళ ఎవర్ని పట్టుకున్నారే మీవాళ్లు?"

"ఎవర్నీ లేదు పిన్నీ. జలుబాయన ఆవిరి పట్టుకున్నాడు."

"వింటే విన్నావు. విన్నదంతా ఆ గ్రూపులో ఎందుకే కక్కుతావు? అంతమంది ఉన్నారు, అందరూ ఎవరో నీకు తెలుసా?"

"మన వీధివాళ్లే కదా పిన్నీ."

"అదేనే నా భయం," అంది ఔరిస్తెలా, జున్ను వేసిన పెండలం రొట్టెలు సంచిలో పోస్తూ. ఆవిడ ఈమధ్య బాగా చిక్కిపోయింది. మూడు నెలలుగా టీకా కడుతోంది మరి. కొట్టు తగలబడకుండా ఉండాలంటే కట్టాల్సిన డబ్బుకి ఈ ఊళ్లో అదే పేరు. అడిగేవాళ్లెవరో అందరికీ తెలుసు, ఎవరికీ తెలియదు.

శనివారం పొద్దున యొమైరా హెడ్‌ఫోన్లు తీసి ఒక కస్టమర్‌తో గొడవ పడుతోంది. ఫోన్‌ని చేపల పులుసులో పడేసి, గ్యారంటీ ఉందంటాడు. వాణ్ని వదిలించుకుని మళ్లీ చెవులకి తగిలించుకునేసరికి కంట్రోల్ ఆవిడ మాట సగంలో ఉంది.

"...పదకొండో వీధిలోకి వెళ్తున్నారు. ఇద్దరు. ఎర్ర మోటార్ సైకిల్. ఆయుధాలున్నాయి. రొట్టెల కొట్టు వైపు."

సగం వాక్యం విన్నానని యొమైరాకి తట్టలేదు. వేళ్లు వాటంతటవే టైపు చేసేశాయి. 'గేట్లు వేసేయండి. తుపాకులతో ఇద్దరు వస్తున్నారు. రొట్టెల కొట్టు దగ్గర ఎవరూ ఉండొద్దు.'

అటు ఒక గేటు, ఇటు ఒక గేటు పడ్డ చప్పుడు వినపడింది. దండాల బొమ్మలు మొదలయ్యాయి.

రేడియోలో గొంతు సవరించుకున్న చప్పుడు. "కంట్రోల్, మేం నీళ్ల ట్యాంకర్‌లో గేటు ముందే ఉన్నాం. మా మొహం మీదే వేసేశారు."

"రెండో వైపు నుంచి వెళ్లండి."

"అదీ మూసేశారట. ఎవరో చెప్పేశారు."

"వీధిలో పిల్లలున్నారు. గేటు పగలగొట్టొద్దు. వెనక్కి తగ్గండి."

"ఆ ఫిర్యాదు చేసినావిడ లోపలే ఉంది కదా కంట్రోల్! డబ్బు చేతికిచ్చేటప్పుడు వచ్చి పట్టుకుంటామని మాటిచ్చాం ఆవిడకి."

టీకా కట్టే రొట్టెల కొట్టు ఈ వీధిలో ఒక్కటే, ఔరిస్తెలాది.

యొమైరా కిటికీ దగ్గరికి వెళ్లింది. ఎర్ర బండి కొట్టు ముందే ఆగి ఉంది. వాళ్లు అప్పటికే లోపలికి వచ్చేశారు. ఆమె మూయించిన గేట్లు ఆపింది పోలీసుల్ని. ఇద్దరిలో ఒకణ్ని గుర్తుపట్టింది. బైరన్. మూల ఇంటి టీచరమ్మ మేనల్లుడు, పోయిన నెల యొమైరా దగ్గరే ఫోన్‌కి కొత్త అద్దం వేయించుకున్నాడు. ఆ ఫోనే జేబులోంచి తీశాడు. గ్రూపులో ఆమె పెట్టిన ముక్క చదివాడు. తలెత్తి మూసిన గేటు వైపు చూశాడు. తర్వాత మెల్లగా తల తిప్పి ఔరిస్తెలా వైపు చూశాడు.

వాడు లెక్క తేల్చుకునేలోపు వాడికి వేరే లెక్క చెప్పాలి. యొమైరా చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు దాటింది.

"బైరన్, గేట్లు వేయించింది నేనే."

"చూశాన్లే. తుపాకులతో ఇద్దరట. మా గురించేనా ఆ పొగడ్త?"

"మరేం రాయను? బైరన్ వచ్చాడు, ముద్దులు పెట్టండి అని రాయనా? బయట ట్యాంకర్‌లో ఉన్నది పోలీసులు. వాళ్లు లోపలికి రాకూడదంటే గేట్లు పడాలి. గేట్లు పడాలంటే జనం హడలిపోవాలి."

రెండోవాడి చెయ్యి చొక్కా కిందికి వెళ్లింది. బైరన్ కదల్లేదు.

"పోలీసులు ఊరికే రారు. ఎవరో పిలవాలి." వాడి కళ్లు ఔరిస్తెలా మీదే ఉన్నాయి. ఆవిడ తల వంచుకుని పట్టకారుతో రొట్టెలు ట్రేలో సర్దుతోంది.

"పిలవడమెందుకు? వంతెన దగ్గర్నుంచీ మీ వెనకే వస్తున్నారు. చెవులారా విన్నాను. పెళ్లికొడుకులా ఎర్ర బండేసుకుని ఊరేగితే వెంటపడరా?"

రెండోవాడు ఫక్కున నవ్వాడు. "చెప్పానా నీకు, ఆ రంగు వద్దని?"

"నోర్ముయ్," అన్నాడు బైరన్. కానీ వాడి భుజాలు కాస్త దిగాయి. "మా మీద ఇంత ప్రేమేంటి నీకు?"

"ప్రేమా పాడా! ఇక్కడ కాల్పులైతే పోయేది నా షాపు అద్దాలు."

బైరన్ ఆమెని కొత్త ఫోన్‌ని చూసినట్టు తిప్పి తిప్పి చూశాడు. "అన్నీ వినిపిస్తాయన్నమాట నీకు. ఇంతకాలం ఊరికే గ్రూపులో పారబోశావు. సోమవారం నుంచి ముందు నాకు చెప్పు. నాకు చెప్పాకే వాళ్లకి. నా నంబరుందిగా."

కాదనడానికి వీలు లేదు. కాదంటే ఇందాక చెప్పిందంతా అబద్ధమైపోతుంది. అది అబద్ధమైతే వాడి కళ్లు మళ్లీ ఔరిస్తెలా మీదికి పోతాయి. "ఉంది," అంది యొమైరా.

ఔరిస్తెలా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ముందు బతికిపోయానన్న ఊపిరి వదిలింది. తర్వాత ఆ ముఖంలో ఇంకేదో గడ్డకట్టింది. ఆవిడకి వినపడింది యొమైరా నోటి మాటే కదా. పోలీసులు రాకుండా గేట్లు మూయించింది ఈ పిల్లేనట. చేతికందిన రొట్టెలు సంచిలో వేసి యొమైరా ముందుకి తోసింది.

"తీసుకోండి," అంది. ఇన్నేళ్లలో ఆవిడ నోట యొమైరాకి 'మీరు' రావడం అదే మొదలు.

"పిన్నీ..."

"మీలాంటివాళ్ల దగ్గర డబ్బులు తీసుకోకూడదండీ."

బైరన్ బండి తోసుకుంటూ గేటు దాకా నడిచాడు, పోలీసులు కాల్చకుండా యొమైరాని అడ్డంగా పక్కనే ఉంచుకుని. సెగుందో తాళం చెవి పట్టుకుని కుర్చీలోంచి లేచాడు.

"తెరవనా తల్లీ?"

"నువ్వు కూర్చో తాతా," అన్నాడు బైరన్. "మా అక్కే తెరుస్తుంది."

యొమైరా తాళం తీసి గేటు లాగింది. రోడ్డుకి అవతల నీళ్ల ట్యాంకర్ నిలబడి ఉంది. క్యాబిన్‌లో మామూలు బట్టల్లో ఇద్దరున్నారు. రోజూ ఆమె షాపులో మాట్లాడే మనుషులే. ఏ గొంతు ఎవరిదో ముఖాలు చూస్తే తెలియలేదు. కిందికి దిగే ఆజ్ఞ వాళ్లకి లేదని మాత్రం తెలుసు. వెనక్కి తగ్గమని కంట్రోల్ ఆవిడ చెప్పడం తను విన్నదే.

బైరన్ ఆమె భుజం తట్టాడు, చాలా ఏళ్ల స్నేహం ఉన్నట్టు. రెండోవాడు వెనక ఎక్కి ఆమెకి టాటా చెప్పాడు.

క్యాబిన్‌లో కిటికీ పక్కనున్నతను ఫోన్ పైకెత్తి ఫోటో తీశాడు. బండి కనుమరుగయ్యాక కూడా ఫోన్ దించలేదు. యొమైరా ముఖాన్ని దగ్గరగా ఇంకో రెండు తీశాడు.