భానుమతిగారి ఎర్తింగు

రఘునందన్ గారు లిఫ్టులో ఇరుక్కుపోయిన రోజునే భానుమతి ఆయనకు మాట ఇచ్చేసింది. ఇవ్వక ఏం చేస్తుంది మరి! ఆయన గ్రేటర్ నోయిడాలో వాళ్ల అపార్టుమెంట్ల సొసైటీకి సెక్రటరీ. సైన్యంలో సుబేదారుగా చేసి వచ్చిన విజయనగరం మనిషి. చేతిలో పెరుగు ప్యాకెట్లతో పైకి వెళుతుండగా లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపలున్న ఇంటర్‌కమ్‌లో పలికే దిక్కు లేదు. తలుపులు తెరిపించేసరికి పెరుగూ వేడెక్కింది, ఆయనా వేడెక్కారు.

దానికంతకూ కారణం గ్రౌండ్ ఫ్లోర్‌లో భానుమతి అప్పుడే మొదటిసారి ఆన్ చేసిన టెస్లా కాయిల్. ఉద్యోగమంతా ఢిల్లీ టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో చేసి రిటైరైన మనిషి ఆమె. ఈడువాళ్లంతా సాయంత్రాలు పార్కులో నడుస్తుంటే, ఆమె ఇంట్లో కూర్చుని నిలువెత్తు పైపు మీద వెంట్రుకంత రాగితీగ చుట్టింది. దాని నెత్తిన అల్యూమినియం చక్రం పెట్టింది. స్విచ్ వేస్తే ఆ చక్రం నుంచి గాలిలోకి మూరెడేసి మెరుపులు దూకుతాయి. ఎందుకమ్మా అని అడిగితే, చూడ్డానికి బావుంటుందిగా అంటుంది. అంతకంటే పెద్ద కారణం ఆమె దగ్గర లేదు, మనం అడగనూ కూడదు.

కాయిల్ అడుగు కొస నేలలోకి పోవాలి. ఆ రోజు తొందరలో దాన్ని గోడలో ఉన్న ప్లగ్గు ఎర్త్‌కే కలిపేసింది. ఆ టవర్లో ఉన్న లిఫ్టులూ ఇంటర్‌కమ్‌లూ అన్నీ అదే తీగను పట్టుకుని బతుకుతున్నాయి. కాయిల్ విదిలించినదంతా వాటిలోకే పోయింది. ఉద్యోగంలో ఉండగా ఇంకెవరైనా ఈ పని చేస్తే ఆమె చెడామడా దులిపేసేది. అందుకే ఎవరూ అనకముందే తప్పు తనదేనని ఒప్పుకుంది.

"ఏటండీ ఇది? ఇల్లా, పవర్‌హౌసా?" అన్నారు రఘునందన్ గారు.

"తప్పయిందండీ. దానికి విడిగా ఎర్త్ వేస్తా. ఆ తర్వాత ఆన్ చేసినప్పుడు ఒక్క లిఫ్టు ఆగినా, ఒక్క ఇంటర్‌కమ్ పోయినా, ఈ కాయిల్ని పాత సామాన్లు కొనే కబాడీవాలాకి నా చేతుల్తో నేనే ఇచ్చేస్తా."

"మాటేనా?"

"మాటే."

ఆమె కొడుకు సాకేత్ తల పట్టుకున్నాడు. నోయిడాలో ఉద్యోగం, పొద్దున్నే గేటు దగ్గరికొచ్చే ఆఫీసు క్యాబ్, ఆదివారం నిద్ర. ఇవి తప్ప వేరే గొడవ లేని కుర్రాడు. "మమ్మీ, ప్లీజ్ యార్. రేపట్నుంచి లిఫ్టులో నన్ను అందరూ ఎలా చూస్తారో తెలుసా?" అన్నాడు.

"మనది గ్రౌండ్ ఫ్లోరేగా, నీకు లిఫ్టెందుకు?" అంది భానుమతి.

ఫ్లాటు ముందున్న లాన్ అంచున గొయ్యి తవ్వించి, మధ్యలో రాగి పూత కడ్డీ నిలబెట్టి, సమ్మెటతో దిగ్గొట్టింది. కొంత దిగాక గట్టిగా తగిలింది. ఇక్కడి నేలలో సున్నపురాయి పొరలుంటాయిలే అనుకుని ఇంకాస్త గట్టిగా కొట్టింది. కడ్డీ కసుక్కున దిగింది. చుట్టూ బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా వేసి మూసింది. ఎక్స్ఛేంజీలో వేసవి వచ్చిందంటే ఎర్త్ గుంటలో రోజూ నీళ్లు పోయాల్సిందే. తడి ఉంటేనే కరెంటు నేలలోకి దారి పడుతుంది. ఆ అలవాటు కొద్దీ పూజ ఎంత శ్రద్ధగా చేస్తుందో అంత శ్రద్ధగా రోజూ బకెట్టెడు నీళ్లు పోసింది. ఎర్త్ టెస్టర్ పెట్టి చూస్తే రీడింగ్ అద్భుతంగా వచ్చింది. ఎక్స్ఛేంజీలో కూడా అంత మంచి రీడింగ్ ఆమె ఎన్నడూ చూడలేదు. చేతికి అంత విద్య ఉందని ఆ పూట కొంచెం పొంగిపోయింది కూడా.

ఆదివారం ఆన్ చేద్దామనుకుంటుండగా రఘునందన్ గారు తలుపు కొట్టారు. "నాతో ఓసారి కిందికి రండమ్మా" అన్నారు, కోపం పళ్ల మధ్య నొక్కిపెట్టి.

కింద అంటే బేస్‌మెంట్. సొంత కారు లేనివాళ్లు కాబట్టి తల్లీకొడుకులకు అక్కడ ఎప్పుడూ పని పడలేదు. అక్కడ రఘునందన్ గారి కారు బానెట్ మీద తెల్లటి ఉప్పు చారలు కట్టి ఉన్నాయి. పైకప్పు నుంచి ఇంకా ఒక్కొక్క చుక్కే రాలుతోంది.

"వాచ్‌మన్ చేత రోజూ తుడిపిస్తన్నాను. తెల్లారేసరికి మళ్లీ ఇదే. నాలిక మీద వేసుకుని చూశాను కూడా. ఉప్పు!"

భానుమతి తలెత్తి చూసింది. ఆ పైకప్పు మీద ఉన్నది తన లాన్. ఇన్నాళ్లూ తను నేల అనుకున్నది శ్లాబు మీద పోసిన మట్టి! సున్నపురాయి అనుకుని పగలగొట్టినది వాటర్‌ప్రూఫింగు. ఆమెకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

దాని వెనకే ఇంకో సంగతి తట్టింది. రీడింగ్ అంత బాగా రావడానికి కారణం కడ్డీ శ్లాబులో ఇనుప చువ్వకు తగలడం. ఆ చువ్వలన్నీ బిల్డింగు ఎర్త్‌తో కలిసే ఉంటాయి. ఆదివారం స్విచ్ వేసి ఉంటే మళ్లీ లిఫ్టులే ఆగేవి. మండు వేసవిలో ఢిల్లీ మట్టి అంత ముద్దుగా రీడింగ్ ఇవ్వదని, ఇస్తే అనుమానించాలని, ఇంత అనుభవమున్న తనకు తెలియొద్దూ!

"మరింక కబాడీవాణ్ణి పిలిచేద్దామా?" అన్నారాయన.

"నేను మాటిచ్చింది ఆన్ చేశాక ఏదన్నా ఆగితే అని. ఇంకా ఆన్ చెయ్యలేదుగా! శ్లాబు నేను బాగు చేయిస్తా, కారు నేను కడిగిస్తా. నేల ఎక్కడుందో కూడా నేనే వెతుక్కుంటా."

ఆయన జేబురుమాలు తీసి బానెట్ మీద కొత్తగా పడ్డ చుక్కను తుడుచుకున్నారు.

అన్నట్టే శ్లాబు బాగు చేయించింది. తర్వాత సొసైటీ అంతా తిరిగింది. లాన్ కింద శ్లాబు, పిల్లల ఉయ్యాలల కింద శ్లాబు, చివరికి తులసి కోట కింద కూడా శ్లాబే. ఇంతమంది జనం రోజూ నేల మీద నడుస్తున్నామనుకుంటూ కప్పు మీద నడుస్తున్నారు. చివరికి ప్రహరీ గోడ వారన, పంపు షెడ్డు వెనక, బేస్‌మెంట్ రాని సన్నటి పట్టీ ఒకటి దొరికింది. అక్కణ్ణుంచి ఫ్లాటు దాకా తీగ లాగితే ఆ పొడవుకి ఎర్త్ ఎందుకూ కొరగాదు. అందుకని కాయిల్‌నే అక్కడికి మోయాలని తేల్చింది.

అక్కడ మట్టి తక్కువ, మల్బా ఎక్కువ. బిల్డరు కట్టడం అయ్యాక పాతేసిన ఇటుక ముక్కలూ సిమెంటు పెళ్లలూ. కడ్డీ ఒకచోట వంగింది, ఇంకోచోట ఆగింది. ఆమె గునపంతో పెళ్లలు పెకలించి, చోటు మార్చి, మళ్లీ కొట్టింది. అరచేతులు బొబ్బలెక్కాయి. ఏడుపొచ్చింది, కానీ ఆగలేదు.

ఆదివారం సాయంత్రం పిల్లా జెల్లా చుట్టూ చేరారు. భానుమతి టెస్టర్ పెట్టి చూసింది. రీడింగ్ బాగాలేదు. స్విచ్ వేస్తే మెరుపులొస్తాయి, అందరూ చప్పట్లు కొడతారు. కానీ అటు లిఫ్టు ఆగదని మాత్రం చెప్పలేం.

"ఇవాళ లేదు" అంది.

జనం గొణుక్కుంటూ వెళ్లిపోయారు. ఎవరో నవ్వారు కూడా. సాకేత్ మొహం ఎర్రబడింది. అమ్మ అరచేతులు చూశాడు. కాసేపటికి సమ్మెట అందుకుని, "హటో మమ్మీ. ఎక్కడ కొట్టాలి?" అన్నాడు.

"ఆ కడ్డీ పొడవెంతో అంత దూరంలో ఇంకోటి. దాని అవతల మరోటి."

ఆ వారమంతా ఆఫీసు నుంచి రాగానే షర్టు విప్పి కొట్టాడు. అమ్మ గుంటలు తడిపింది, కడ్డీలన్నిటినీ వెడల్పాటి రాగిపట్టీతో బిగించింది. ఈసారి రీడింగ్ ముద్దుగా రాలేదు, నమ్మదగ్గట్టు వచ్చింది.

తర్వాతి ఆదివారం పెద్దగా ఎవరూ రాలేదు. రఘునందన్ గారు మాత్రం పట్టుదల మనిషి. "నేను లిఫ్టులోనే ఉంటాను. ఎక్కుతూ దిగుతూ ఉంటాను. ఆగిందో, మాట మాటే" అని చెప్పి లోపలికి వెళ్లారు.

ఎండ చల్లబడ్డాక భానుమతి అందరినీ దూరం జరిపి స్విచ్ వేసింది. చెవులు చిల్లులు పడే చప్పుడుతో ఊదారంగు మెరుపులు గాలిని చీల్చుకుంటూ లేచాయి. సాకేత్ నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయాడు. ఆమె ఆపింది, మళ్లీ వేసింది, మళ్లీ ఆపింది. చూపు మాత్రం టవర్ మీదే ఉంది.

పంపు షెడ్డులో ఇంటర్‌కమ్ మోగింది. సాకేత్ పరుగెత్తి అందుకుని స్పీకర్ నొక్కాడు.

"ఏటమ్మా, ఇంకెంతసేపు?" లిఫ్టులోంచి రఘునందన్ గారి గొంతు విసుగ్గా వినిపించింది. "ఎక్కీ దిగీ ఎక్కీ దిగీ నాకిక్కడ కళ్లు తిరుగుతున్నాయి. అసలు మొదలెడతారా, లేదా?"