పదకొండో మంచం దగ్గు

పెద్ద సిస్టర్ రిటైరై అయిదు రోజులైంది. ఈ అయిదు రోజుల్లో ఆవిడ భర్తకి ఆరు జబ్బులు వచ్చాయి.

ఆయన్ని తప్పు పట్టడానికి లేదు. ఇరవై తొమ్మిదేళ్ళు ఊళ్ళోవాళ్ళకి సేవ చేసిన చేతులు ఇప్పుడు పూర్తిగా ఇంట్లోనే ఉన్నాయి. ఇంత సౌకర్యం పెట్టుకుని ఆరోగ్యంగా ఉండడం ఆయనకి దండగనిపించింది. మొదటి రోజు మెడ పట్టేసింది. రెండో రోజు మోకాలు. మూడో రోజు చెప్పుకోవడానికి ఏమీ దొరక్క, "ఒంట్లో ఏదోలా ఉందే" అన్నాడు.

పైవాటా ఆవిడ రక్తపరీక్ష కాగితాలు పట్టుకుని దిగింది. అవి మూడేళ్ళ కిందటివి. సిస్టర్ రిటైరయ్యాక తీరిగ్గా చూపించొచ్చని జాగ్రత్తగా దాచిందట. ఆడపడుచు తన నాలిక ఫొటో తీసి ఫోన్లో పంపి, "పూత పూసినట్టుందా మరదలా?" అని అడిగింది. ఆ నాలికతో పెద్ద సిస్టర్‌కి పాత పరిచయమే. ఫొటోలో చూడడం మాత్రం మొదటిసారి. పెళ్ళిళ్ళలో ఎవరైనా అడిగితే ఆ ఆడపడుచు, "మా మరదలు మెడికల్ లైన్లో ఉంది" అని చెప్పేది. నర్సు అన్న మాట దగ్గరకొచ్చేసరికి ఆ నాలిక మడతపడేది. మిగతా అన్నిటికీ బాగానే తిరిగేది.

ఇవన్నీ పెద్ద సిస్టర్‌కి కష్టంగా లేవు. మధ్యాహ్నం రెండు గంటలే కష్టంగా ఉంది.

అయిదో రోజు సరిగ్గా రెండయ్యేసరికి ఆవిడ కాళ్ళు వాటంతటవే లేచి నిలబడ్డాయి. చీర సర్దుకుని, భర్త కుర్చీ పక్కకొచ్చి, గాలిలోకి చూస్తూ చెప్పింది.

"హాల్లో ఒక పేషెంటు. మగ. అరవై మూడు. భోజనం పూర్తిగా తీసుకున్నారు. నొప్పి మెడ నుంచి మోకాలికి మారింది. రిమోట్ చేతికి అందేలా ఉంచాలి, లేకపోతే బీపీ పెరుగుతుంది."

"ఎవరికి చెప్తున్నావే?"

"వచ్చే డ్యూటీకి."

ఆయన అటూ ఇటూ చూశాడు. "వచ్చే డ్యూటీ కూడా నువ్వే కదా."

ఆవిడ వార్డులో పన్నెండు మంచాలు. రెండు గంటలకి దిగిపోయే సిస్టరూ, ఎక్కే సిస్టరూ కలిసి మంచం మంచం దగ్గరా ఆగాలి. ఎవరికి ఏమిచ్చారు, ఎవరు తిన్నారు, ఎవరు తిన్నట్టు నటించారు, అన్నీ అప్పజెప్పాలి. పన్నెండో మంచం అయ్యాక వచ్చిన సిస్టర్ "తీసుకున్నాను" అనాలి. ఆ మాట వినపడేదాకా దిగిపోయే మనిషి గుమ్మం దాటకూడదు. ఈ నియమం పెట్టింది పెద్ద సిస్టరే. ఒకసారి పెళ్ళిరోజున భర్త సినిమా టికెట్లు పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డా సరే, ఆ మాట పడేదాకా ఆవిడ కదల్లేదు. ఆ సినిమా వాళ్ళు ఇంటర్వెల్ నుంచి చూశారు. హీరోకి హీరోయిన్ మీద కోపమెందుకో ఆయనకి ఇప్పటికీ తెలీదు.

అలాంటి మనిషిని చివరి రోజున ఒంటిగంటన్నరకే వార్డులోంచి లాక్కుపోయారు, వీడ్కోలు సభకి. సూపరింటెండెంటు గారు నర్సంటే త్యాగమూర్తి అని ఇరవై నిమిషాలు మాట్లాడి, మధ్యలో "సిస్టర్, ఆ ఫ్యాను కాస్త తగ్గించండి" అన్నారు. త్యాగమూర్తే లేచి తగ్గించింది. తర్వాత గోడగడియారం బహూకరించారు. టైముతో ఇక పనిలేని మనిషికి అంతకన్నా ఏమివ్వాలో వాళ్ళకీ తోచలేదు. బయటికొచ్చేసరికి మూడుంబావు. "రిజిస్టరు చూసి అప్పజెప్పేశాం సిస్టర్, మీరు హాయిగా వెళ్ళండి" అని కారెక్కించేశారు.

"తీసుకున్నాను" అన్న మాట చెవిన పడకుండానే ఆవిడ ఇంటికొచ్చేసింది.

రిజిస్టర్లో అన్నీ ఉన్నాయి, ఒక్కటి తప్ప. పదకొండో మంచంలో ఒక ముసలి దర్జీ. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయింది, మాట ముద్దగా వస్తుంది. మహా మొహమాటస్థుడు. బెల్లు నొక్కితే ఆడపిల్ల పరిగెత్తుకు రావాల్సొస్తుందని నొక్కడు. దగ్గుతాడు. రెండుసార్లు దగ్గితే మంచినీళ్ళు. మూడుసార్లు దగ్గితే యూరిన్ క్యాను. ఈ సంగతి పెద్ద సిస్టర్ కనిపెట్టింది ఆఖరి రోజు పొద్దున్నే. రెండింటికి చెప్దామనుకుంది. రెండింటికి ఫ్యాను తగ్గిస్తోంది.

ఇంటికొచ్చిన మర్నాడే వార్డుకి ఫోన్ చేసింది. ఎత్తినవాళ్ళెవరో హడావిడిగా "సరే సిస్టర్, సరే సిస్టర్" అన్నారు. ఆ "సరే" ఎలాంటిదో ఆవిడకి తెలుసు. ఆడపడుచు ఫోన్ చేసినప్పుడల్లా తను అనేది అదే.

ఇక లాభం లేదని చేతిసంచీ తీసుకుంది.

"ఎక్కడికి?" అన్నాడు భర్త.

"చిన్న పని మిగిలిపోయింది. వెళ్ళొస్తా."

"మరి నా మోకాలు?"

"దాన్నీ ఇంట్లోనే ఉండమనండి."

ఆసుపత్రి గేటు దగ్గర వాచ్‌మన్ లేచి సెల్యూట్ కొట్టాడు. కొట్టి, దారికి అడ్డంగా నిలబడ్డాడు. "చూడ్డానికి వచ్చేవాళ్ళ టైము నాలుగు నుంచి ఆరు సిస్టర్. ఎంతటివాళ్ళనైనా వదలొద్దని మీరే కదా ఆ బోర్డు రాయించారు."

పెద్ద సిస్టర్‌కి కోపం రాలేదు. మనిషి బాగా తయారయ్యాడనిపించింది. వెళ్ళి బయట బల్ల మీద కూర్చుంది. బల్లకి ఒక కాలు పొట్టిగా ఉంది. కదిలినప్పుడల్లా టక్కుమంటోంది. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఎంతమందిని "అక్కడ కూర్చోండి" అని కసిరిందో. ఒక్కళ్ళూ చెప్పలేదు.

నాలుగింటికి వార్డులోకి అడుగుపెడితే ఫినాయిల్ వాసన ఎదురొచ్చింది. పెద్ద సిస్టర్ ఆగి, అవసరమైనదానికన్నా కాస్త ఎక్కువే పీల్చుకుంది.

చిన్న సిస్టర్ పదకొండో మంచం దగ్గర చిన్న మూతలో ఎర్రటి మందు పోస్తోంది. పెద్ద సిస్టర్ చేతికింద మూడేళ్ళు పని నేర్చుకున్న పిల్ల.

"మీరా సిస్టర్! మంచి టైముకొచ్చారు. ఈ తాతగారికి దగ్గు తగ్గట్లేదు. అయిదు రోజులుగా మూడుపూటలా సిరప్ పోస్తున్నాం. డాక్టరుగారు ఛాతీకి ఎక్స్‌రే కూడా రాశారు. అందులో ఏమీ లేదు."

దర్జీ పెదాలు ఎండిపోయి చారలు కట్టున్నాయి. మందు మత్తుకి కళ్ళు సగమే తెరుచుకుంటున్నాయి. అయినా మర్యాద వదల్లేదు. "తియ్యగానే ఉంది తల్లీ" అన్నాడు, ముద్దగా. అని, రెండుసార్లు దగ్గాడు.

"చూశారా?" అంది చిన్న సిస్టర్.

"మంచినీళ్ళమ్మా అది. మూడైతే క్యాను. ఆయన పిలుపు."

చిన్న సిస్టర్ చేతిలో మూత అలాగే ఉండిపోయింది. "అయిదు రోజులు నీళ్ళడిగితే మందు పోశానా సిస్టర్?"

"పోసింది నువ్వు. చెప్పకుండా పోయింది నేను. ముందు నీళ్ళియ్యి."

గ్లాసుడు నీళ్ళు తాగాడు దర్జీ. రెండోదీ తాగాడు. చిన్న సిస్టర్ కళ్ళు తుడుచుకుని, జేబులోంచి పెన్ను తీసింది.

"మొదటి మంచం నుంచి చెప్పండి సిస్టర్."

"ఆ రోజే తీసేసుకున్నావుగా."

"రిజిస్టరు దగ్గర్నుంచి తీసుకున్నా. మీ దగ్గర తీసుకోలేదు."

పెద్ద సిస్టర్ చేతిసంచీ భుజాన సర్దుకుని మొదటి మంచం దగ్గర నిలబడింది. గొంతు తిన్నగా అయింది. ఈ అయిదు రోజుల్లో నాలుగు మంచాల మీద మనుషులు మారిపోయారు. అయినా ఆవిడ చెప్పాల్సింది ఆ రోజు సంగతి కాబట్టి ఆ రోజుదే చెప్పింది. మూడో మంచంలో కొత్తగా చేరిన లెక్కల మాస్టారు, తనకి డెబ్బై ఎనిమిదేళ్ళనీ, పళ్ళసెట్టు తీసి గ్లాసులో పెట్టాలనీ విని కంగారుపడి నోట్లో వేలు పెట్టి చూసుకున్నాడు. చిన్న సిస్టర్ మాత్రం ఒక్కటీ వదలకుండా రాసుకుంది.

పన్నెండో మంచానికి వచ్చేసరికి పెద్ద సిస్టర్ నెమ్మదించింది. ఆ మంచం ఖాళీగా ఉంది. "దుప్పటి మార్చాలి" అంది. దుప్పటి మార్చే ఉంది. "దిండు గలీబు కూడా." అదీ మార్చే ఉంది. ఇంకేమైనా మిగిలిందేమోనని మంచం కిందకి కూడా వంగి చూసింది. ఏమీ లేదు.

"తీసుకున్నాను సిస్టర్" అంది చిన్న సిస్టర్.

అయిదు రోజులుగా వినాలనుకున్న మాట అదే. విన్నాక తెలిసింది, ఆ పిల్ల ఇంకాసేపు అనకుండా ఉంటే బాగుండునని.

వెనక నుంచి దగ్గు వినిపించింది. రెండుసార్లు. చిన్న సిస్టర్ గ్లాసుతో పరిగెత్తింది. "ఇప్పుడేగా తాతా, రెండు గ్లాసులు తాగారు!" దర్జీ గ్లాసు వైపు చూడలేదు. ఆ పిల్ల భుజం మీదుగా పెద్ద సిస్టర్ని చూస్తూ మళ్ళీ దగ్గాడు. రెండుసార్లు.

పెద్ద సిస్టర్ కాలు ఒకటి ముందుకు పడింది. రెండో కాలికి అప్పగింత అయిపోయిన సంగతి గుర్తుంది. చేతిసంచీని రెండు చేతులా పట్టుకుంది.

"నిన్నే పిలుస్తున్నారు, చూడు" అంది చిన్న సిస్టర్‌తో. అని, వెనక్కి తిరక్కుండా మెట్లు దిగింది.

గేటు దగ్గరకొచ్చి ఆగింది. పైన మూడో కిటికీ వార్డుది. దానికేసి చూస్తూ గొంతు సవరించుకుని దగ్గింది. రెండుసార్లు.

"దగ్గొస్తోందా సిస్టర్?" వాచ్‌మన్ కుర్చీలోంచి లేచాడు. "అశ్రద్ధ చెయ్యకండి. సిరప్ తీసుకోండి. ఎర్రగా ఉంటుంది, తియ్యటిది, బాగా పనిచేస్తుందట."

"సరే బాబూ" అంది పెద్ద సిస్టర్.