ఏడో చెక్క

గోడే ఊరిని కాపాడిందని అందరూ అంటున్నారు. నిజమే. ఓడల కోసం సముద్రంలో రాళ్లు పోసి కట్టిన అడ్డుకట్ట సునామీ నడుం విరిచింది. మిగిలిన నీటిని ఒడ్డు గోడ ఆపింది. రేవు వైపు మనిషి లోతు నీళ్లు నిలిచినా ఊళ్లో వీధులు తడవలేదు, ఒక్క వీధి తప్ప.

ఆ వీధి కొసన గోడలో బండ్ల దారి ఉంది. ప్రమాదం వస్తే ఆ దారికి అడ్డంగా, ఒకదాని మీద ఒకటి, ఏడు చెక్కలు దించాలి. కాపలాదారు ఆ రోజు ఆరే దించాడు. ఏడోది అతని వదిన ఇంట్లో ఉంది.

ఆవిడ వలలు బాగుచేస్తుంది. రెండేళ్ల కిందట నడుం నొప్పితో నేల మీద కూర్చోలేక, బల్ల వేసుకుంటానని పై చెక్క అడిగింది.

"తీసుకుపో వదినా. సముద్రం అంత ఎత్తు వస్తే కుర్చీ వేసి మర్యాద చేద్దాంలే" అన్నాడు మరిది. అతని భార్య, అంటే ఆవిడ తోడికోడలు, పడీ పడీ నవ్వింది. రెండో కొస తనే పట్టి మోసింది.

ఆ ఖాళీలోంచి దూకిన నీళ్లు వీధి కన్నా పల్లంలో ఉన్న కాపలాదారు గదిని నింపేశాయి. లోపల తోడికోడలు జ్వరంతో పడుకుని ఉంది. ఊరు మొత్తానికి పోయిన ప్రాణం అదొక్కటే.

పదకొండో రోజున ఇంజనీరు వచ్చి గోడల మీది నీటి చారలు కొలిచాడు. పాత కట్టడాలు ఇంత మేలు చేశాయా అని మురిసిపోయాడు. ఏడో చెక్క ఏదని అడిగితే, అలకు విరిగి కొట్టుకుపోయిందని మరిది తల ఎత్తకుండా చెప్పాడు.

"విరగలేదు బాబూ. నా ఇంట్లో ఉంది. నేనే తీసుకెళ్లాను" అంది వదిన.

అది ఉండుంటే ఈ వీధిలో పాదం కూడా తడిసేది కాదన్నాడు ఇంజనీరు. ఆవిడ పేరు అడిగాడు. మరిది అడ్డొచ్చి, ఆ రోజు నుంచి వదినకు మతి స్థిమితం లేదన్నాడు. ఇంజనీరు ఆవిడకేసి జాలిగా చూసి, విరిగిందనే రాసుకుని వెళ్లిపోయాడు.

"నా మీద జాలిపడ్డావా?" అని మరిదిని అడిగింది.

"జాలా? పేరు రాసుకుంటే నిన్ను నలుగురూ తిడతారు, నన్ను పనిలోంచి తీసేస్తారు. దాంతో తీరిపోయిందనుకుంటాం ఇద్దరం. అంత తేలిగ్గా వదలను వదినా, నిన్నూ, నన్నూ."

ఆ పూట నుంచి భోజనానికి ఆవిడ ఇంటికే వస్తున్నాడు. వండిపెట్టేవాళ్లు లేరు మరి. ఎదురుగా కూర్చుని, పలకరించకుండా తిని, కంచం కడిగి పెట్టి వెళ్తాడు.