నల్లరేగడి అడుగులు

శుక్రవారం సెలవు. అరబ్బు దేశంలోని సలాలాలో ఇంటిపని చేసే శాంతమ్మ, యజమాని ఇంట్లో వంట ముగించి, చర్చి కాంపౌండులోని చిన్న గదిలో చాపలు పరిచేది. పనికోసం వచ్చిన మన తెలుగువాళ్లు చేరేవారు. పాట, ప్రార్థన అయ్యాక ఆమె ఒక్కొక్కరి ముందూ కూర్చుని "పాణమెట్లున్నది?" అని అడిగేది. మెథడిస్టు క్రైస్తవుల పాత పద్ధతి అది. నిజమైన జవాబు వచ్చేదాకా కదలకూడదు.

దాన్ని జహీరాబాద్ పల్లెలకు మోసుకెళ్లింది శాంతమ్మ ముత్తవ్వ దీనమ్మ. అప్పటికి చర్చి లేదు, పాస్టరూ లేడు. ఉత్తకాళ్లతో గడపగడపా తిరిగి వాక్యం చెప్పిన బైబిలమ్మ ఆవిడ. చనిపోయి ఎన్నేళ్లయినా ఆవిడ ఆ తిరుగుడు మానలేదు. ప్రతి శుక్రవారం మనిషి కనబడకుండానే తలుపు దగ్గర్నుంచి తడి నల్లరేగడి అడుగులు పడుతూ వచ్చి, ఆ వారం బాగా బాధలో ఉన్నవాళ్ల ముందు ఆగేవి. అందరూ కాళ్లు ముడుచుకుని దారిచ్చేవారు. మీటింగయ్యాక శాంతమ్మ తడిగుడ్డతో తుడిచేసేది.

ఈమధ్య ఆ గుంపులోని సురేందర్ పెద్దరికం తీసుకున్నాడు. దగ్గర్లోని రైసూత్ ఫ్యాక్టరీలో ఫోర్‌మన్. డ్యూటీలో ఎలాగో ఇక్కడా అంతే.

"అక్కా, ఆడోళ్లు పాటలు పాడుండ్రి, చాయ్ పొయ్యుండ్రి. సంఘం నడిపేటిది మొగోళ్ల పని. వచ్చేవారం సంది నేనడుగుత."

వారమంతా గిన్నెలు తోముతూ శాంతమ్మ ఎదురుచూసేది ఈ ఒక్క పూట కోసమే. అయినా "సరే తమ్మీ" అంది.

మరుసటి శుక్రవారం బయట తుంపర. సురేందర్ కుర్చీ వేసుకుని హాజరు పిలిచినట్టు అడిగాడు. ఒకరి తర్వాత ఒకరు "మంచిగున్న" అని తేల్చేశారు. అంతలో అడుగులు వచ్చాయి. చాపలన్నీ దాటి కుర్చీ ముందు ఆగాయి.

సురేందర్ కాళ్లు వెనక్కి లాక్కున్నాడు. అడుగులు ఇంకాస్త దగ్గరికి జరిగాయి. అడిగేవాణ్ని ఎవరు అడగాలో తెలియక అందరూ తలలు దించుకున్నారు.

శాంతమ్మ చాయ్ గిన్నె దించి వచ్చింది. "తమ్మీ, పాణమెట్లున్నది?"

"మంచిగనే ఉన్నదక్కా."

ఆమె కదల్లేదు.

"మా అమ్మ పోయి నెల దాటింది," అన్నాడు చివరికి. "లీవు దొరకలే. ఎవ్వలకు చెప్పలే, ఏడ్వలే. అమ్మ గూడ గిట్లనే అడుగుతుండె అక్కా. నీ నోట అది ఇనలేకనే నిన్ను ఆపిన."

కుర్చీలోంచి దిగి చాపమీద కూలబడి ఏడ్చాడు. వీపు నిమురుతూ శాంతమ్మా ఏడ్చింది. లేచాక కుర్చీని తనే మడిచి మూలన పెట్టాడు.

"వచ్చేవారం నువ్వే అడుగక్కా," అన్నాడు.

శాంతమ్మ గుడ్డ తడుపుకొచ్చేసరికి నేలమీద అడుగులు లేవు. చెప్పులు చేతపట్టుకుని తుంపరలో బయల్దేరింది. కొబ్బరితోటల పక్కన తెల్లటి ఇసుకలో ఆమె కాలు మోపినచోటల్లా తడి నల్లరేగడి అడుగులు పడ్డాయి. మలుపులో ఎవరో తెలియని కూలీల రూమ్ ముందు కాళ్లు వాటంతటవే ఆగిపోయాయి.

శాంతమ్మ కొంగు సర్దుకుని తలుపు తట్టింది.